యంత్రం కోసం అట్టిపెట్టిన గడ్డి

రాళ్ళకుంట పంచాయతీ సమితి పరిధిలోని సమస్త ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, చెరువుకట్ట మీదను, తూము పక్కనను మొలిచిన గడ్డి యావత్తూ సమితివారి తృణ ఖండన యంత్రం కోసం అట్టిపెట్టబడినది. కొడవలితోగాని, చేతితోగాని, పశువు నోటితోగాని ఆ గడ్డిని తాకువారు శిక్షార్హులు.

ఈ ప్రకటనను 1964 శ్రావణ మాసంలో డప్పు వేసి ఊరంతా చాటించారు. మనుషులు విని ఊరుకున్నారనీ, బర్రెలు మాత్రం చెవులు ఆడించాయనీ, దాన్ని సమ్మతిగా భావించవచ్చుననీ సమితి జవాను తిరిగొచ్చి చెప్పాడు. ప్రకటన రాసింది నేనే. "పశువు నోటితోగాని" అన్న మాట కూడా నాదే. అప్పటికి నా పెళ్ళయి ఆరు నెలలు. హైదరాబాదులో బి.ఏ. చదివిన భార్య దొరికినందువల్ల మావారికి ఆఫీసులో కలిగిన మొదటి ప్రయోజనం అది. బి.డి.ఓ.గారు ఆ మాట చదివి, "ఇందులో ఎక్కడా సందు లేదయ్యా" అన్నారట. మావారు ఇంటికొచ్చి ఆ మాట నాకు మూడుసార్లు చెప్పారు. నేను నాలుగోసారి కూడా చెప్పించుకున్నాను.

రాళ్ళకుంట ఎక్కడుందో తెలియనివారి కోసం చెబుతాను. నల్లగొండ జిల్లాలో కేతేపల్లి వైపు పోయే బస్సు దిగి, అది లేపిన దుమ్ము అణిగేదాకా కళ్ళు మూసుకుని నిలబడి, తర్వాత తెరిస్తే కనబడేది రాళ్ళకుంట. ఆ పేరు పెట్టినవారు అతిశయోక్తి గిట్టనివారు. ఊరు చుట్టూ ఉన్నది రాయి. రాయి లేనిచోట తంగేడు పొద. పచ్చగా కనబడేది ఒక్క చెరువుకట్ట. చెరువులో నీళ్ళు లేకపోయినా ఎక్కడినుంచో ఊట తగిలి కట్టకు రెండువైపులా మోకాలెత్తు గడ్డి మొలిచేది.

మావారు సమితిలో వ్యవసాయ విస్తరణాధికారి. మాకు సమితి ఆవరణలోనే రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. ఒక గదికి కిటికీ ఉంది, రెండో గదికి కిటికీ వస్తుందని ఉత్తర్వు ఉంది. కాపురానికి వచ్చిన మూడోనాడే భద్రమ్మ వచ్చి గడపలో పాలచెంబు దించి, "బిడ్డా, మూతి కడుక్కున్నవా? గీ పాలు జర చూడు" అంది. యాభై ఏళ్ళుంటాయి ఆమెకు. ఆస్తి ఒక బర్రె. నుదుట తెల్లచుక్క ఉన్నందువల్ల దాని పేరు చుక్కబర్రె. ఆ పాలతో నేను జీవితంలో మొదటిసారి తోడుపెట్టిన పెరుగు గరిటెతో తీస్తే ముక్కలుగా వచ్చింది. ఆఫీసుకు బయల్దేరిన మావారు సగం ఆవరణ దాటినవారు వెనక్కొచ్చి ఇంకో గరిటె వేయించుకున్నారు. అలా ఆలస్యమైన పదిహేను నిమిషాలే ఆ ఏడాది సమితి పని గంటల్లో నిజంగా సద్వినియోగమైనవని నా అభిప్రాయం.

ఇక యంత్రం సంగతి. సమితికి అంతకుముందే ఒక ట్రాక్టరు ఉంది. అది రైతుల పొలాలు దున్నడానికి వచ్చింది. సమితి అధ్యక్షులవారి ఇంట రెండు పెళ్ళిళ్ళు, ఒక కొత్త మేడ ప్రారంభం, ఆయన అత్తగారి కాశీయాత్ర సాగనంపు, ఇలా వరసగా ప్రజాకార్యాలు తగలడంతో పొలందాకా పోలేకపోయింది. నేను కూడా బస్సు దిగి క్వార్టరుకు ఆ ట్రాక్టరు తొట్టిలోనే, పెట్టె మీద కూర్చుని వచ్చాను. ప్రతి గుంటకూ మావారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆ దారిలో గుంటలకు కొదవ లేదు. అందుచేత ఆ ట్రాక్టరు మీద నేను ఏమీ అనను.

ఆ ట్రాక్టరుకు తగిలించే పరికరాల కోసం పై నుంచి మంజూరు వచ్చింది. మార్చి నెలాఖరులోగా ఖర్చు కాకపోతే మంజూరు వెనక్కి పోతుంది. మంజూరు వెనక్కి పోవడం కంటే పెద్ద అవమానం సమితికి మరొకటి లేదు. దున్నే నాగళ్ళు కంపెనీల దగ్గర అప్పటికే అయిపోయాయి. మిగిలింది గడ్డి కోసే ఫ్లెయిల్ మోవరు. ట్రాక్టరు వెనక తగిలిస్తే ట్రాక్టరు శక్తితోనే దానిలో ఒక అడ్డ ఇరుసు గిర్రున తిరుగుతుంది. ఆ ఇరుసు పొడవునా గొలుసు కొసల్లా వేలాడే కత్తులు ఉంటాయి. తిరిగే ఊపుకు అవి నిటారుగా లేచి గడ్డిని కొట్టి ముక్కలు చేస్తాయి.

ఏ మోవరు కొనాలో నివేదిక ఇమ్మని మావారిని అడిగారు. మావారు కొత్తగా పెళ్ళయిన మనిషి, అందువల్ల కష్టపడి రాశారు. కోత వెడల్పు ట్రాక్టరు వెనక చక్రాలకంటే ఒక జానెడు ఎక్కువ ఉండాలి, లేకపోతే చక్రం తొక్కిన గడ్డి తెగదు. మన ట్రాక్టరు శక్తి ఇంత, అంతకు మించిన యంత్రం తగిలిస్తే ట్రాక్టరు మూలుగుతుంది. పలచని గడ్డికి సన్న కత్తులు, పొదలకు సుత్తి వంటి మందం కత్తులు. రాయి ఉన్న నేలలో సన్న కత్తులు అసలు పనికిరావు. వెనక రాళ్ళు ఎగరకుండా రబ్బరు తెర ఉండాలి. చివరి పేరాలో, మన సమితిలో యంత్రంతో కోయాల్సినంత గడ్డి ఎక్కడా లేదు కనుక ఈ యంత్రం అవసరమా అన్నది ఆలోచించాలి, అని రాశారు. నివేదిక మీద బి.డి.ఓ.గారు "చూచితిని" అని సంతకం చేశారు. ఆయన చూసిన మాట నిజం. మొదటి పేజీ మీద టీ గ్లాసు గుండ్రం కూడా ఉంది.

ఎంపిక కోసం సమావేశం పెట్టారు. పకోడీలు వచ్చాయి, మూడు కంపెనీల బొమ్మల పుస్తకాలు వచ్చాయి. ఒకదాంట్లో పచ్చ యంత్రం, ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో ఎరుపు. పచ్చ యంత్రం పచ్చగడ్డిలో ఫోటోకు ఆనదని ఒక సభ్యుడు లేవనెత్తాడు. అందరూ ఒప్పుకున్నారు. నీలం యంత్రం పక్కన పొలంలో మనుషులెవరూ లేరు, అంటే ఆ కంపెనీకి జనాదరణ లేదు. ఎర్ర యంత్రం పక్కన ఒక తెల్ల దొరసాని టోపీ పెట్టుకుని నవ్వుతూ నిలబడింది. అధ్యక్షులవారు ఆ పేజీని దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, "నడిపెటోళ్ళకు ఇంత సంతోషమిచ్చే మిషిని మన రైతుకెందుకు వద్దు?" అన్నారు. ఎరుపు ఏకగ్రీవంగా నెగ్గింది. దానికున్నవి సన్న కత్తులు. రబ్బరు తెరకు వేరుగా రాయాలట, రాయలేదు. నల్లగొండ నుంచి వచ్చే ఫోటోగ్రాఫరు దగ్గర ఉన్నది నలుపు తెలుపు ఫిల్ము ఒక్కటే అని తర్వాత తెలిసింది.

యంత్రం ఆషాఢంలో దిగింది. జవాను ఎదురెళ్ళి కొబ్బరికాయ కొట్టాడు. దానికి తెలుగు పేరు కావాలంటే నన్ను అడిగారు. తృణ ఖండన యంత్రం అని పెట్టాను. మావారు ఆ పేరు పైకి చదివి నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఎర్ర మిషిని అన్నారు. ట్రాక్టరు డ్రైవరు లియాఖత్ అలీ దాని చుట్టూ ఒకసారి తిరిగి, వంగి కత్తులను వేలితో ఊపి చూశాడు. ఇరవై నాలుగు కత్తులు, గాజుల్లా గలగలలాడాయి. "సాబ్, చీజ్ మంచిదే. గని గిది యే ముల్కు కోసం చేసిండ్రో ఆ ముల్కుల పత్తర్ ఉండవు" అన్నాడు మావారితో, చుట్టూ ఉన్న రాళ్ళు చూపిస్తూ.

ప్రారంభోత్సవం శ్రావణంలో అనుకున్నారు. యంత్రానికి గడ్డి కావాలి, గడ్డి కట్ట మీద ఉంది, ఆ గడ్డిని భద్రమ్మ వంటివారు రోజూ కోసుకుపోతున్నారు. ఈ పరిస్థితి ఇలాగే కొనసాగితే యంత్రం నిరుద్యోగి అయ్యే ప్రమాదం ఉందని బి.డి.ఓ.గారు గుర్తించారు. పైన చెప్పిన ప్రకటన అందువల్ల పుట్టింది.

మర్నాడు పొద్దున భద్రమ్మ పాలు పోస్తూ అడిగింది.

"బిడ్డా, గడ్డి మిషినికి అని డప్పు కొట్టిండ్రు. మిషిని గడ్డి తింటదా?"

"తినదు భద్రమ్మా, కోస్తుంది."

"కోసినంక ఎవలు తింటరు?"

"ఎవరూ తినరు. కోయడం ఎట్లాగో చూపిస్తారు."

భద్రమ్మ ఖాళీ చెంబు చంకన పెట్టుకుంది. "మంచిగున్నది. మా చుక్కబర్రెకు గూడ గట్లనే చెప్త. తినకే, తినుడు ఎట్లనో చూపియ్యి అని."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

కట్ట మీద గడ్డికి ఒక పద్ధతి ఉందని అప్పుడే ఆమె చెప్పింది. గోపమ్మ, నర్సింగమ్మ, అండాలు, ఇలా ఏడుగురు ఆడవాళ్ళు ఆ గడ్డి మీద బర్రెలు సాకుతారు. కట్టను ఏడు తునకలు చేసుకుని, తునకకూ తునకకూ మధ్య రెండు గుప్పెళ్ళ గడ్డిని కలిపి ముడి వేస్తారు. ముడి గాలికి విడిపోయినా జాగా తెలిసేట్టు దాని మొదట్లో ఒక రాయి పాతుతారు. ఒకరి ముడి దాటి ఇంకొకరి కొడవలి పోదు. బోనాల పండుగ తెల్లారి తునకలు మార్చుకుంటారు, ఊట తక్కువున్న తునక ఒక్కరికే పడిపోకుండా. ఈ పద్ధతికి రిజిస్టరు లేదు, సంతకం లేదు, సమావేశం లేదు, పకోడీలు లేవు. అయినా ముప్ఫై ఏళ్ళుగా తగువు రాలేదంటే అది ఎంత వెనకబడిన పద్ధతో మీరే ఊహించుకోవచ్చు.

"మీ సారుకు ఒక్క మాట చెప్పు బిడ్డా" అంది భద్రమ్మ. "ముడి కాడల్లా రాయుంటది. అవెక్కడున్నయో మాకెరుక. మమ్ముల ఒక్కపాలి కోయనియ్యుమను. కోసి, రాళ్ళన్ని పీకి ఒడ్డుకు పెడ్తం. వానపడితె పదిహేను దినాలల్ల మళ్ళ గడ్డొస్తది. గిప్పుడున్నది మాకు, అప్పుడొచ్చేది మిషినికి. నా బర్రె ఈని ఏడాది గూడ గాలే. గడ్డి లేకుంటె నేను దాన్ని ఉంచుకోలేను."

మావారు ఆ మాట బి.డి.ఓ.గారికి చెప్పారు. యంత్రం వాడేముందు నేలంతా నడిచి చూసి రాళ్ళు ఏరాలని కంపెనీ పుస్తకంలోనే ఉందని కూడా చెప్పారు. బి.డి.ఓ.గారు సానుభూతితో విన్నారు. గడ్డి కోసేస్తే యంత్రం కోయడానికి గడ్డి ఉండదు, గడ్డి కోయకపోతే రాళ్ళు కనబడవు. ఇంతటి చిక్కును ఆయన పావుగంటలో పరిష్కరించారు. సమావేశంలో తీర్మానం చేశారు: "కట్ట మీద రాళ్ళు తొలగించబడినవిగా భావించడమైనది." సభ్యులందరూ సంతకాలు పెట్టారు. అంత బరువు పని అంత తేలిగ్గా, ఒక్క గడ్డపార లేకుండా జరగడం నేను అంతకుముందు చూడలేదు.

శ్రావణంలో ముఖ్య అతిథికి తీరిక కాలేదు. భాద్రపదంలో తేదీ కుదిరింది గాని అధ్యక్షులవారికి శకునం కుదరలేదు. వాయిదా పడ్డప్పుడల్లా గడ్డి ఇంకొంచెం పెరిగింది, చుక్కబర్రె డొక్క ఇంకొంచెం లోపలికి పోయింది. భద్రమ్మ దానికి తంగేడాకు వేసి చూసింది, ఇంటి కప్పు మీది పాత వరిగడ్డి పీకి వేసింది. కప్పు సగం అయ్యాక ఆపేసింది. పాలలో నీళ్ళు కలుపుతోందని క్వార్టర్లలో అనుకున్నారు. నేను కూడా ఒకసారి అడిగాను.

"నీళ్ళు నేను కలుపలే బిడ్డా. బర్రెనే కలుపుతాంది" అంది.

పెరుగు ముక్కలుగా రావడం మానేసింది. మావారు సగం ఆవరణ దాటి వెనక్కి రావడం మానేశారు. ఈ విషయంలో నాకు వ్యక్తిగతంగా కలిగిన నష్టాన్ని ఏ తీర్మానంలోనూ నమోదు చేయలేదు.

చివరికి దసరా వెళ్ళిన నాలుగో రోజు ప్రారంభోత్సవం జరిగింది. కట్ట కింద పందిరి, కుర్చీలు, మామిడి తోరణాలు. యంత్రానికి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. దిష్టి తీయడానికి వేదిక ముందు ఒక పెద్ద గుమ్మడికాయ. కట్ట పైన ఒక వరసలో, చేతులు కట్టుకుని, ఏడుగురు ఆడవాళ్ళు. వాళ్ళను పిలవలేదు, వాళ్ళ గడ్డి దగ్గరికి వాళ్ళు వచ్చారు.

అధ్యక్షులవారు ఇలా ప్రసంగించారు:

"సోదర సోదరీమణులారా, మన తాతలు కొడవలి పట్టిండ్రు. కొడవలి ఎట్లుంటది? వంగి ఉంటది. దాన్ని పట్టుకున్న మనిషి కూడా వంగుతడు. వంగుడు బానిసత్వానికి గుర్తు. ఈ యంత్రాన్ని చూడండి. ఇది వంగదు, మనను వంగనియ్యదు. గడ్డి కోసే ప్రతి ఆడబిడ్డ ఇక నడుము నిలబెట్టి, నిటారుగా నిలబడి, ఈ యంత్రం కోస్తుంటే చూస్తది. ఇదే స్వరాజ్యం."

ఆడబిడ్డలు ఏడుగురూ అప్పటికే నిటారుగా నిలబడి చూస్తున్నారు గనుక స్వరాజ్యం అక్కడికక్కడే అమల్లోకి వచ్చింది.

ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించారు. లియాఖత్ అలీ ట్రాక్టరు నడిపాడు. యంత్రం గంభీరంగా గర్జించి మూడు గజాలు ముందుకు పోయింది. ఆ మూడు గజాల్లో గడ్డి నిజంగా తెగిందని ఎదురుగా కూర్చున్న నేను సాక్ష్యమిస్తాను. నాలుగో గజంలో గోపమ్మ తునకకూ భద్రమ్మ తునకకూ మధ్య ముడి ఉంది. మూడు నెలలు పెరిగి, ఎండి, తాడులా పేనుకున్న ఆ ముడి వెళ్ళి ఇరుసుకు చుట్టుకుంది. ఇరుసు తడబడింది. దాని వెంటనే, తొలగించబడినదిగా భావించబడిన రాయి తగిలింది. ధడేల్‌మన్నది. ఒక కత్తి ఊడి, రబ్బరు తెర లేదు కాబట్టి ఏ ఆటంకమూ లేకుండా, వచ్చి గుమ్మడికాయను సరిగ్గా రెండు చెక్కలు చేసింది.

ముందుగా ముఖ్య అతిథి చప్పట్లు కొట్టారు. యంత్రమే స్వయంగా దిష్టి తీసే ఏర్పాటు చేయడం ఏ సమితిలోనూ చూడలేదని ఆయన అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. లియాఖత్ అలీ ట్రాక్టరు ఆపి, దిగి, యంత్రం కిందికి వంగి చూశాడు. పదకొండు కత్తులు కొడవళ్ళలా వంగి ఉన్నాయి.

భోజనాలు అధ్యక్షులవారి ఇంట్లో. వెళ్ళబోతూ ముఖ్య అతిథి, తిరిగొచ్చాక కోసిన జాగాలో నిలబడి ఫోటో దిగుతానన్నారు. కార్యక్రమ పత్రంలో "అర ఎకరం" అని అచ్చు వేసి ఉంది. అచ్చయినదాన్ని మార్చడానికి వీల్లేదు గనుక నేలనే మార్చాల్సి వచ్చింది. బి.డి.ఓ.గారు లియాఖత్ అలీ చెవిలో ఏదో చెప్పారు. అతను కట్ట ఎక్కాడు.

"అక్కా, జర అందరు దిగుండ్రి. కొడవళ్ళు తెచ్చుకోన్రి."

"గా కొడవలి శిక్ష గదా లియాఖతన్నా" అంది భద్రమ్మ. "డప్పు కొట్టి చెప్పిరి."

కింద నుంచి బి.డి.ఓ.గారే జవాబు చెప్పారు. "ప్రకటన రెండున్నర గంటల పాటు నిలుపుదల చేయడమైనది."

"గడ్డి మాదేనా సారూ?"

"ముందు కోయండి, చూద్దాం."

భద్రమ్మ ఆ "చూద్దాం" అన్న మాటను నమ్మింది. ఆమె చదువుకోలేదు కదా. ఏడుగురూ నడుములు వంచారు. భోజనంలో పూర్ణాలు వడ్డించే వేళకు అర ఎకరం నున్నగా అయింది. రాళ్ళ దగ్గర కొడవళ్ళు వాటంతటవే పక్కకు తిరిగాయి. గడ్డిని మోపులు కట్టారు. భద్రమ్మ తన మోపు నెత్తికెత్తుకుని పది అడుగులు వేసిందో లేదో జవాను అడ్డం వచ్చాడు. అది యంత్రం కోసిన గడ్డి, ప్రదర్శన వస్తువు, ఆఫీసుకు చేర్చాలి. ఆమె మోపు దించింది. దించేటప్పుడు అందులోంచి ఒక గుప్పెడు లాగి కొంగులో పెట్టుకుంది. జవాను మంచివాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

ముఖ్య అతిథి వచ్చి, మోపుల మధ్య నిలబడి ఫోటో దిగారు. మోపులు సమితి గోదాములో "యంత్ర ఖండిత తృణం, నమూనా" అన్న చీటీతో భద్రమయ్యాయి. ఆ వారమే ముసురు పట్టింది. గోదాము కప్పు మరమ్మతుకు అప్పటికి తీర్మానం మాత్రమే అయింది. నమూనా కుళ్ళింది.

నివేదిక నేను రాశాను. "ఇరవై నిమిషాలలో అర ఎకరం; మానవ శ్రమ శూన్యం." ఇరవై నిమిషాలు అన్నది బి.డి.ఓ.గారి అంచనా, మానవ శ్రమ శూన్యం అన్నది నా పదబంధం. జిల్లా సమావేశంలో దాన్ని చదివి, భాష ఇలా ఉండాలి అన్నారట. మావారు రామన్నపేట నుంచి నాకు డజను ఎర్ర గాజులు తెచ్చారు. వేసుకుని చెయ్యి ఊపితే యంత్రం కత్తుల్లా గలగలలాడాయి. ఆ రోజంతా ఏదో ఒక వంకతో చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

గాజులు వేసుకున్న రెండో రోజు పొద్దున భద్రమ్మ ఖాళీ చేతులతో వచ్చింది.

"ఇయ్యాల్టి సంది పాలు బందు, అమ్మగారు. చుక్కబర్రెను నిన్న రామన్నపేట అంగడిల ఇచ్చేసిన."

అంతవరకూ నన్ను బిడ్డా అనేది. అమ్మగారు అనడం అదే మొదలు. నివేదికతో నా గౌరవం పెరిగిందని అర్థమైంది. ఎవరు కొన్నారని అడగలేదు. పాలకు ఇంకెవరిని మాట్లాడుకోవాలా అన్న ఆలోచనలో ఉన్నాను. ఆ అవసరం కూడా రాలేదు. వారం తిరక్కుండా అధ్యక్షులవారి జీతగాడు పెద్దులు పొద్దున్నే ఇత్తడి చెంబుతో వచ్చి, "దొర పంపిండు. రిపోర్టు మంచిగ రాసిండ్రట" అని దించిపోయాడు. అప్పటినుంచి రోజూ వస్తున్నాయి. పాలు మొదట పలచగా ఉండి, రానురాను చిక్కబడ్డాయి. పెరుగు మళ్ళీ ముక్కలుగా వచ్చింది. మావారు మళ్ళీ సగం ఆవరణ నుంచి వెనక్కి వచ్చారు.

ఈలోగా యంత్రం సంరక్షణ కూడా శ్రద్ధగా సాగింది. రోజూ వాడకముందు బోల్టులు బిగించాలి, ఇరుసు కొసలకు గ్రీజు పెట్టాలి, పట్టీ వదులైందేమో చూడాలి, కత్తి మార్చేటప్పుడు దాని ఎదుటి కత్తిని కూడా మార్చాలి, లేకపోతే ఇరుసు తూకం తప్పి ఊగుతుంది, పని అయ్యాక చుట్టుకున్న గడ్డి తీసి కడగాలి అని పుస్తకంలో ఉంది. ఆ పుస్తకాన్ని అట్ట వేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. యంత్రాన్ని ఆవరణ మూలన నిలిపి ప్రతి శుక్రవారం కుంకుమ పెట్టారు. గ్రీజు డబ్బా వచ్చింది. దానితో అధ్యక్షులవారి బండి ఇరుసులు, బి.డి.ఓ.గారి గేటు, మా ఇంటి కిటికీ బందులు చక్కగా నోరు మూసుకున్నాయి. వంగిన పదకొండు కత్తులను తిన్నగా చేయించమని కమ్మరి లచ్చయ్యకు పంపారు. లచ్చయ్య ఒకటి కాల్చి, సుత్తితో తట్టి, మావారితో అన్నాడట: "సారూ, గిసుంటి ఉక్కు నేను నా పుట్టువుల చూడలే. దీన్ని తిన్నగ చేసుడు పాపం. వంపు మంచిగొచ్చింది, జర సాగదీస్తె అసల్ కొడవలైతది." కత్తులు తిరిగి రాలేదు. "మరమ్మతులో ఉన్నవి" అని రిజిస్టరులో ఉంది.

ముసురు వెలిశాక ఆవరణలో ఎన్నడూ లేనిది గడ్డి మొలిచింది. యంత్రం చుట్టూ మరీ ఏపుగా వచ్చింది. చక్రాల్లోంచి, మిగిలిన కత్తుల సందుల్లోంచి, దండ వేసే కొక్కెం మీదుగా పైకి లేచింది. మార్గశిరంలో పై నుంచి తనిఖీకి వస్తున్నామని కబురు వచ్చేసరికి, ఎరుపు రంగు యంత్రం ఉన్నచోట పచ్చటి గుట్ట మాత్రమే ఉంది. పచ్చగడ్డిలో పచ్చ యంత్రం కనబడదని చెప్పిన సభ్యుడు ఎరుపు కూడా కనబడకపోవడం చూసి చాలా నొచ్చుకున్నాడు.

యంత్రాన్ని వెతికి బయటికి తీయడానికి ఒక కూలి మనిషిని పెట్టారు. భద్రమ్మ వచ్చింది. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆమె చేతిలో కొత్త కొడవలి. గడ్డికి ఆనించీ ఆనించకముందే తెగుతోంది. ఇంత నీలంగా మెరిసే కొడవలి నేను చూడలేదు. దగ్గరికెళ్ళి చూశాను. మడమ దగ్గర కొద్దిగా ఎర్ర రంగు ఇంకా ఉంది.

"లచ్చయ్య చేసిండు అమ్మగారు" అంది నా చూపు కనిపెట్టి. "ఏడుగురికి ఏడు చేసిండు. మిగిలినయి ఎవలికిచ్చిండో."

తనిఖీ పత్రంలో "యంత్రం ద్వారా గడ్డి కోత జరుగుతున్నదా?" అని ఒక గడి ఉంది. దాన్ని నింపే పని నాదే. నాకు మొదటిసారి ఏమీ కల్పించాల్సిన అవసరం రాలేదు. "యంత్రపు కత్తులతోనే, ప్రతిదినము" అని రాశాను. ఇందులో అబద్ధం ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే దిద్దుకుంటాను.

పని అయ్యాక భద్రమ్మ గడ్డిని మోపు కట్టి నావైపు తిరిగింది.

"అమ్మగారు, గీ మోపు నేను కొంచవోనా?"

"తీసుకుపో. కానీ నీకు బర్రె లేదుగా భద్రమ్మా."

"దొర కొట్టంల ఉన్నది గద. కట్ట గడ్డి ఇప్పుడు దొర కొట్టంకే పోతాంది, మిషిని కాపుదలకని రాసిండ్రట. గని అది పరాయి చేతి గడ్డి సరిగ ముట్టుతలేదని పెద్దులు వచ్చి చెప్పిండు. పొద్దుగాల్ల నేను పోయి ఏస్తున్న. నేనేస్తెనే తింటది. తిన్నంకనే చేపుతది. చేపితెనే పెద్దులు పాలు పిండి మీకు తెస్తడు."

అని మోపు ఎత్తుకుని వెళ్ళింది. నేను ఎత్తి పెట్టబోయాను గాని ఆమె ఆగలేదు.

మరునాడు పొద్దున పెద్దులు చెంబు దించిపోయాడు. మీగడ మందంగా కట్టింది. ఈ సంగతి మావారికి ఇంకా చెప్పలేదు. ఆయన రెండో గరిటె వేయించుకునేటప్పుడు ముఖంలో కనబడే సంతోషం పాడు చేయడం నాకు ఇష్టం లేదు.

యంత్రం చాలా బాగా పనిచేస్తోంది. వచ్చే మార్చిలోగా రెండోది కూడా వస్తుంది. ఎరుపే తెప్పిస్తున్నారు. మీలో ఎవరైనా రాళ్ళకుంట వైపు వస్తే మా క్వార్టరుకు తప్పక రండి. ఆ పాలతో చాయ్ పెట్టి ఇస్తాను. ఇంత చిక్కటి చాయ్ ఎక్కడా తాగలేదని మీరూ అంటారు. ఇప్పటిదాకా వచ్చినవారంతా అదే అన్నారు. బర్రె ఎవరిదని మాత్రం ఒక్కరూ అడగలేదు.